నాలుగు గిగాబిట్ కేబుళ్లు, ఒక్క గిగాబిట్ వేగం: ఎడిటింగ్ స్టూడియోలో లింక్ అగ్రిగేషన్ కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియో. ఎనిమిది ఎడిటింగ్ సిస్టమ్‌లు, అన్నిటికీ కలిపి ఒకే స్టోరేజ్ సర్వర్. మొదట్లో సర్వర్‌కి ఒక్క గిగాబిట్ కేబులే ఉండేది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి 4కె ఫుటేజ్ తెరిస్తే టైమ్‌లైన్ ఆగి ఆగి నడిచేది. అందుకని సర్వర్‌లో నాలుగు పోర్టుల నెట్‌వర్క్ కార్డు వేసి, నాలుగు కేబుళ్లు లాగి, స్విచ్‌లో ఆ నాలుగు పోర్టుల్నీ ఒక బండిల్ చేశారు. ఇలా కొన్ని కేబుళ్లను కలిపి ఒకే లింకులా వాడటమే లింక్ అగ్రిగేషన్, ఆ బండిల్‌ని పొట్టిగా లాగ్ అంటారు. ఆ తర్వాత కూడా ఎనిమిది సిస్టమ్‌లూ కలిపి లాగుతున్నది 941 మెగాబిట్లే, ఒక కేబుల్‌కి పట్టేంతే.

ఈ ఫిర్యాదు చాలా చోట్ల వినిపిస్తుంది. చాలా చోట్ల దొరికే జవాబు కూడా ఒకటే: "లాగ్ అంటే అంతే, వేగం పెరగదు, ఒక కేబుల్ పోతే ఇంకొకటి పనిచేయడానికే." అది సగమే నిజం. ఎనిమిది మంది వాడే సర్వర్‌కి నాలుగు లింకులు నిజంగా నాలుగు లింకుల పని చేయగలవు. ఏ సిస్టమ్ ట్రాఫిక్ ఏ కేబుల్ మీద పోతోందో లెక్క కట్టి చూడాలి, అంతే. ఆ లెక్క కొన్ని ఎక్సార్‌లకు (రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1) మించదు.

ఏం ఉంది, ఎంత కావాలి

సర్వర్‌లో లైనక్స్, సాంబా (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే సాఫ్ట్‌వేర్) షేర్. కార్డు ఇంటెల్ ఐ350-టీ4. సర్వర్ పక్కన రెండు సిస్కో కెటలిస్ట్ 2960-ఎక్స్ స్విచ్‌లు స్టాక్‌గా, అంటే ఒకే స్విచ్‌లా పనిచేసేలా, కలిపి ఉన్నాయి, ఒక్కో స్విచ్‌కి రెండేసి కేబుళ్లు. ఆ స్టాక్ నుంచి కోర్ స్విచ్‌కి 10 గిగాబిట్ అప్‌లింక్. ఎడిటింగ్ సిస్టమ్‌లు పై అంతస్తులో, వేరే వీల్యాన్‌లో (స్విచ్‌ల మీదే విడదీసిన వేరే నెట్‌వర్క్‌లో). రెండు వీల్యాన్‌ల మధ్య రౌటింగ్ కోర్ స్విచ్ చేస్తుంది. సర్వర్ చిరునామా 10.20.30.5. సిస్టమ్‌లవి 10.20.40.10, 20, 30 అంటూ పదేసి చొప్పున 80 దాకా. గుర్తు పెట్టుకోవడానికి తేలిక అని ఎవరో ఇచ్చిన నంబర్లు అవి. వీటి సంగతి కిందికి వచ్చాక తేలుతుంది.

ఎడిటింగ్‌లో వాడే వీడియో ఫార్మాట్ ప్రోరెస్ 422 హెచ్‌క్యూ, హెచ్‌డీలో సెకనుకు 24 ఫ్రేములంటే సుమారు 176 మెగాబిట్లు. అదే యూహెచ్‌డీలో (4కెలో) 707. గిగాబిట్ లింకు మీద మామూలు 1500 ఎంటీయూతో (ఒక ప్యాకెట్‌లో పట్టే బైట్లు) టీసీపీకి దక్కేది 941: ప్రతి ప్యాకెట్‌కీ తీగ మీద 1538 బైట్లు పోతే అందులో అసలు డేటా 1448 బైట్లు. కాబట్టి ఒక కేబుల్ మీద హెచ్‌డీ స్ట్రీములు ఐదు పడతాయి, యూహెచ్‌డీ ఒక్కటే పడుతుంది.

స్టూడియోలో పని ఎక్కువున్న వేళ మూడు సిస్టమ్‌లు యూహెచ్‌డీ, ఐదు హెచ్‌డీ. మొత్తం 3001 మెగాబిట్లు. నాలుగు కేబుళ్లకు పట్టేది 3764. కాగితం మీద సరిపోతుంది. కానీ ఒకే కేబుల్ మీద రెండు యూహెచ్‌డీలు పడితే 1414, సరిపోదు. ఒక యూహెచ్‌డీ, ఒక హెచ్‌డీ పడితే 883, సరిపోతుంది. అంటే మొత్తం సామర్థ్యం చాలినంత మాత్రాన లాభం లేదు. ఆ మూడు యూహెచ్‌డీలూ మూడు వేర్వేరు కేబుళ్ల మీద పడాలి.

మొదట కేబుళ్లు

సర్వర్‌లో ఈథ్‌టూల్ కమాండ్‌తో బాండ్0 (సర్వర్ వైపు ఆ బండిల్ పేరు) వేగం అడిగితే 4000 రావాలి, 3000 వచ్చింది. ప్రాక్ కింద నెట్, బాండింగ్, బాండ్0 ఫైల్ తెరిస్తే సంగతి బయటపడింది: మూడు పోర్టుల అగ్రిగేటర్ (కలిసి పనిచేసే పోర్టుల గుంపు) ఐడీ 1, నాలుగోదానికి 2, దాని స్పీడ్ 100. స్విచ్ వైపు "షో ఈథర్‌ఛానల్ సమ్మరీ"లో కూడా ఆ ఒక్క పోర్టు పక్కనే పీ గుర్తు (బండిల్‌లో ఉందని చెప్పేది) లేదు.

గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్‌కి 1-2, 3-6 జతలు రెండూ ఉంటే చాలు. క్రింపింగ్‌లో 4-5 గానీ 7-8 గానీ సరిగ్గా తగలకపోతే లింకు లైటు వెలుగుతూనే ఉంటుంది, వేగం మాత్రం 100కి పడిపోతుంది. వేగం కలవని పోర్టుని ఎల్‌ఏసీపీ (సర్వర్, స్విచ్ మాట్లాడుకుని బండిల్ కట్టే పద్ధతి) మిగతావాటితో కలపదు. ఎక్కడా అలారం మోగదు. ఆ పోర్టు ఊరికే పక్కన కూర్చుంటుంది. ప్యాచ్ కార్డు మార్చగానే నాలుగో పోర్టు అగ్రిగేటర్ 1లోకి వచ్చింది.

ఇదే ఫైల్‌లో ఇంకొకటి కూడా చూడాలి: పార్ట్‌నర్ మ్యాక్ అడ్రస్, అంటే అవతలి పరికరం హార్డ్‌వేర్ చిరునామా. అక్కడ అన్నీ సున్నాలుంటే అవతలి స్విచ్ ఎల్‌ఏసీపీ మాట్లాడటం లేదని అర్థం. స్విచ్‌లో ఛానల్-గ్రూప్ "మోడ్ ఆన్" అని పెట్టి, సర్వర్‌లో 802.3ఏడీ (ఎల్‌ఏసీపీ వాడే మోడ్) పెడితే ఇలా అవుతుంది. అప్పుడు లైనక్స్ ఒక్కో పోర్టునీ ఒంటరి అగ్రిగేటర్‌గా చూసి ఒక్కదాన్నే వాడుతుంది. స్విచ్ మాత్రం నాలుగింటి మీదా పంపుతూనే ఉంటుంది. మిగతా మూడింటి మీద వచ్చినవాటిని సర్వర్ పారేస్తుంది. ఫలితం వింతగా ఉంటుంది: కొన్ని సిస్టమ్‌లకు షేర్ తెరుచుకుంటుంది, కొన్నిటికి పింగ్ కూడా రాదు. ఎవరైనా "నాకు వస్తోంది, పక్కవాళ్లకి రావట్లేదు" అంటే ఫైర్‌వాల్ జోలికి పోకముందు ఇది చూడాలి. స్విచ్‌లో "మోడ్ యాక్టివ్" ఉండాలి. రెండు వైపులా పాసివ్ ఉంటే ఎవరూ మొదలుపెట్టరు, బండిల్ కట్టదు.

ఏ ప్యాకెట్ ఏ కేబుల్ మీద

నాలుగు పోర్టులూ కలిశాయి. మొత్తం వేగం మాత్రం అదే 941. ఒక్కో పోర్టు టీఎక్స్ (పంపిన) బైట్ల లెక్క చూస్తే ఒక్కటే పరుగెడుతోంది, మిగతా మూడూ దాదాపు కదలడం లేదు.

లింక్ అగ్రిగేషన్ ప్రమాణం ఒక సంభాషణలోని ఫ్రేముల వరస చెదరకూడదంటుంది. 2000లో 802.3ఏడీగా వచ్చి 2008లో 802.1ఏఎక్స్‌గా మారినా ఈ షరతు మారలేదు. అందుకే ప్యాకెట్లను వంతులవారీగా పంచరు. ప్రతి ప్యాకెట్‌లోని కొన్ని అంకెలు తీసుకుని, ఎక్సార్ చేసి, లింకుల సంఖ్యతో భాగించి, శేషం ఎంతొస్తే ఆ లింకు మీద పంపుతారు. ఒకే సంభాషణకు ఎప్పుడూ ఒకే శేషం, ఒకే కేబుల్. ఏ అంకెలు తీసుకోవాలో చెప్పేదే హ్యాష్ పాలసీ.

లైనక్స్ బాండింగ్‌లో ఏమీ చెప్పకపోతే ఉండే పాలసీ లేయర్2. అది తీసుకునేవి: పంపే మ్యాక్‌లో చివరి బైటు, అందుకునే మ్యాక్‌లో చివరి బైటు, ప్యాకెట్ రకం. సర్వర్ బాండ్ మ్యాక్ చివరి బైటు హెక్సాలో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) 1సీ. అందుకునేది ఎవరు? ఎడిటింగ్ సిస్టమ్‌లు వేరే వీల్యాన్‌లో ఉన్నాయి కాబట్టి సర్వర్ ప్రతి ప్యాకెట్‌నీ గేట్‌వే, అంటే కోర్ స్విచ్, మ్యాక్‌కే పంపుతుంది. దాని చివరి బైటు 5ఈ. ఈ రెండిటి ఎక్సార్ హెక్సాలో 42, అంటే 66. ఐపీవీ4 ప్యాకెట్ రకం హెక్సాలో 0800, దాని చివరి రెండు బిట్లూ సున్నాలే, నాలుగుతో భాగించేటప్పుడు దాని ప్రభావం ఉండదు. 66ని నాలుగుతో భాగిస్తే శేషం 2. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి మూడో పోర్టు. ఎనిమిది మందిలో ఎవరు అడిగినా మూడో పోర్టే.

రాసే వైపు, అంటే రెండర్లు సర్వర్‌కి వచ్చే వైపు, సర్వర్ చేతిలో ఏమీ లేదు. ఆ పంపకం స్విచ్‌ది. 2960-ఎక్స్ మామూలుగా చూసేది పంపినవారి మ్యాక్. కోర్ స్విచ్ రౌట్ చేసి పంపిన ప్రతి ఫ్రేమ్‌కీ ఆ మ్యాక్ కోర్ స్విచ్‌దే. అటూ ఒకటే కేబుల్. రెండు వైపులా ఎవరి పాలసీ వాళ్లదని, ఒకవైపు మార్చి రెండో వైపు వదిలేస్తే సగం పనే అయినట్టని మొదటిసారి బండిల్ కట్టేవాళ్లు గమనించరు.

సిస్టమ్‌లూ సర్వర్ ఒకే వీల్యాన్‌లో ఉండి ఉంటే లేయర్2తోనే కొంత పని నడిచేది, ఎందుకంటే అందుకునే మ్యాక్‌లు ఎనిమిది ఉండేవి. మధ్యలో రౌటర్ ఉన్న చోట మ్యాక్ మీద మాత్రమే ఆధారపడే పాలసీ ఏదైనా పనికిరాదు.

ఐపీ చేర్చాక కూడా సగమే

అందుకని రెండు వైపులా ఐపీ చిరునామాల్ని కూడా లెక్కలోకి తెచ్చారు: సర్వర్‌లో పాలసీ లేయర్2+3, స్విచ్‌లో "పోర్ట్-ఛానల్ లోడ్-బ్యాలెన్స్ ఎస్ఆర్‌సీ-డీఎస్‌టీ-ఐపీ". స్విచ్ కమాండ్ గ్లోబల్, ఆ స్టాక్‌లోని బండిళ్లన్నిటికీ ఒకేసారి మారుతుంది, కాబట్టి పని లేని వేళే ఇవ్వాలి.

వేగం రెట్టింపైంది. అక్కడే ఆగింది. రెండో, నాలుగో పోర్టులు నిండుగా పనిచేస్తున్నాయి, ఒకటి, మూడు ఖాళీ.

కారణం ఆ పదేసి నంబర్లు. లేయర్2+3 లెక్కలో ఐపీలోని నాలుగు బైట్లూ చివరికి ఒకదానిమీదొకటి ఎక్సార్ అయిపోతాయి. లింకులు నాలుగే కాబట్టి మనకు కావాల్సింది బైనరీలో చివరి రెండు బిట్లు. సర్వర్ చిరునామా, మ్యాక్‌లు, సిస్టమ్ చిరునామాలో మొదటి మూడు అంకెలు ఎవరికైనా ఒకటే. వాటన్నిటి ఎక్సార్‌లో చివరి రెండు బిట్లు 01. ఇక మారేది సిస్టమ్ చివరి అంకె ఒక్కటే. 10 బైనరీలో 1010, చివరి రెండు బిట్లు 10. 20లో 00. 30లో మళ్లీ 10. 40లో 00. ఎనభై దాకా ఇంతే: పది గుణిజాలన్నీ సరి సంఖ్యలు, కాబట్టి చివరి బిట్ ఎప్పుడూ సున్నా. 01తో ఎక్సార్ చేస్తే వచ్చేవి 11, 01 మాత్రమే. మూడు, ఒకటి. అంటే నాలుగో పోర్టు, రెండో పోర్టు. ఎన్ని సిస్టమ్‌లు కలిపినా మిగతా రెండిటికీ వంతు రాదు.

స్విచ్‌లో లెక్క మోడల్‌ని బట్టి మారుతుంది, కాబట్టి ఊహించకుండా దాన్నే అడగాలి: "టెస్ట్ ఈథర్‌ఛానల్ లోడ్-బ్యాలెన్స్ ఇంటర్‌ఫేస్ పోర్ట్-ఛానల్ 1 ఐపీ", తర్వాత పంపే చిరునామా, అందుకునే చిరునామా. ఏ పోర్టు మీద పోతుందో పేరుతో సహా చెబుతుంది. ఎనిమిది చిరునామాలకూ ఎనిమిది సార్లు అడిగితే అక్కడా రెండే పేర్లు వచ్చాయి.

లేయర్3+4 ఎందుకు వద్దనుకున్నాం

ఇలాంటి చోట ఎక్కువమంది ఇచ్చే సలహా లేయర్3+4: టీసీపీ పోర్టు నంబర్లు కూడా లెక్కలోకి వస్తాయి, బాగా చెదురుతుంది అని. వందల కనెక్షన్లున్న వెబ్ సర్వర్‌కి అది సరైన సలహా. ఇక్కడ కాదు.

ఎడిటింగ్ సిస్టమ్‌కీ సర్వర్‌కీ మధ్య షేర్ కనెక్షన్ ఒకటే. సిస్టమ్ పోర్టు నంబరు కనెక్ట్ అయిన ప్రతిసారీ మారుతుంది. అంటే రోజూ పొద్దున లాగిన్ అయినప్పుడల్లా కొత్తగా లాటరీ. నాలుగు లింకుల మీద ఎనిమిది కనెక్షన్లు సమానంగా రెండేసి చొప్పున పడే అవకాశం 65,536లో 2,520, నూటికి నాలుగు కూడా లేదు. అంతకంటే ముఖ్యం ఆ మూడు యూహెచ్‌డీ సిస్టమ్‌లు: అవి మూడు వేర్వేరు కేబుళ్ల మీద పడే అవకాశం నూటికి 37.5. మిగతా 62.5 సార్లు ఎవరో ఇద్దరు ఒకే కేబుల్ మీద పడి ఇద్దరి టైమ్‌లైనూ ఆగుతుంది. అదీ ఒకరోజు ఈయనకి, మర్నాడు ఆవిడకి. వెతికి పట్టుకోలేని ఫిర్యాదు అంటే ఇదే. పైగా ఈ 2960-ఎక్స్‌లో పోర్టు నంబర్లతో పంచే ఏర్పాటు లేదు, రాసే వైపు ఎలాగూ ఐపీల మీదే ఆధారపడాలి.

సిస్టమ్‌లు కొద్దే అయి, వాటి చిరునామాలు మన చేతిలో ఉన్నప్పుడు లేయర్2+3 మంచిది. దానిలో అదృష్టానికి చోటు లేదు. సిస్టమ్‌లకు వరస నంబర్లు ఇస్తే చాలు: 10.20.40.11 నుంచి 18 దాకా. చివరి రెండు బిట్లు 11, 00, 01, 10 అంటూ తిరుగుతాయి. ఒక్కో కేబుల్‌కి సరిగ్గా రెండు సిస్టమ్‌లు. 11తో 15, 12తో 16, 13తో 17, 14తో 18 జత. ఈ జతలు ఎప్పటికీ మారవు.

అందువల్ల ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా నిర్ణయించవచ్చు. యూహెచ్‌డీ పని జరిగే మూడు సిస్టమ్‌లకు 11, 12, 13 ఇచ్చారు. 15, 16, 17 హెచ్‌డీ సిస్టమ్‌లకు. అప్పుడు మూడు కేబుళ్ల మీద 883 చొప్పున, నాలుగోదాని మీద 352. నాలుగో యూహెచ్‌డీ సిస్టమ్ ఎప్పుడైనా వస్తే దానికి 14. చిరునామాలు డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే సర్వీసు) రిజర్వేషన్‌లో మ్యాక్‌కి కట్టేయాలి. మదర్‌బోర్డు మార్చిన రోజున రిజర్వేషన్‌లో కొత్త మ్యాక్ పెట్టాలి, లేకపోతే లెక్కంతా తారుమారు. రిజర్వేషన్ పక్కన వివరణ గడిలో "ఈ నంబరు మార్చకండి, లింకు పంపకం దీని మీద ఉంది" అని రాసిపెట్టడం తప్పనిసరి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఇంకొకరు వచ్చి ఆ నంబర్లను "చక్కగా" సర్దేస్తారు.

మార్చిన క్రమం

ముందు స్విచ్‌లో నాలుగు పోర్టులూ షట్‌డౌన్. నాలుగింటికీ వీల్యాన్, మోడ్, స్పీడ్ ఒకేలా ఉన్నాయో చూసి ఛానల్-గ్రూప్ 1 మోడ్ యాక్టివ్. తర్వాత ఏ మార్పు చేసినా పోర్ట్-ఛానల్ ఇంటర్‌ఫేస్ మీదే చేయాలి, విడి పోర్టుల మీద కాదు. ఒక పోర్టు మీద వీల్యాన్ మారిస్తే అది బండిల్ నుంచి బయటికి పోతుంది. ఆ తర్వాత సర్వర్‌లో బాండ్: మోడ్ 802.3ఏడీ, ఎమ్ఐఐమాన్ 100, ఎల్‌ఏసీపీ రేట్ ఫాస్ట్, ఎక్స్‌మిట్ హ్యాష్ పాలసీ లేయర్2+3. చివరికి స్విచ్‌లో నో షట్‌డౌన్. సర్వర్‌కి కన్సోల్ లేకుండా రిమోట్‌గా ఈ పని మొదలుపెట్టకూడదు.

ఎమ్ఐఐమాన్ విలువ సున్నా అయితే లింకు పోయిందో లేదో చూడనే చూడదు. 100 అంటే సెకనుకు పది సార్లు చూస్తుంది. ఎల్‌ఏసీపీ రేట్ స్లో అయితే అవతలివాళ్లు 30 సెకన్లకు ఒకసారి పలకరిస్తారు, 90 సెకన్లు మాట లేకపోతేనే పోయినట్టు. ఫాస్ట్ అయితే సెకనుకొకటి, మూడు సెకన్లలో తేలుతుంది. నేరుగా కేబుల్ ఉన్న చోట ఎమ్ఐఐమాన్ చాలు. మధ్యలో మీడియా కన్వర్టర్ (రాగి కేబుల్‌ని ఫైబర్‌కి కలిపే పెట్టె) ఉంటే మాత్రం ఫాస్ట్ తప్పదు: అవతల ఫైబర్ తెగినా ఇవతల లైటు వెలుగుతూనే ఉంటుంది, ఆ కేబుల్‌కి పడిన ఇద్దరికీ పని ఆగిపోతుంది.

బ్యాలెన్స్-ఆర్‌ఆర్ (ప్యాకెట్లను వంతులవారీగా పంచే మోడ్) పెడితే ఒక్క సిస్టమ్‌కే నాలుగు కేబుళ్లూ వాడుకోవచ్చు కదా అన్న ప్రశ్న వచ్చింది. ప్యాకెట్లు వరస తప్పి చేరతాయి. టీసీపీ మూడు డూప్లికేట్ ఏసీకేలు (అందినట్టు చెప్పే జవాబులు) చూడగానే ప్యాకెట్ పోయిందనుకుని మళ్లీ పంపుతుంది, వేగం తగ్గించుకుంటుంది. పైగా సిస్టమ్‌కి ఉన్నది ఒకే గిగాబిట్ పోర్టు.

పరీక్ష

ఒక సిస్టమ్ నుంచి ఐపెర్ఫ్3 (నెట్‌వర్క్ వేగం కొలిచే సాధనం) పెట్టి 941 వచ్చిందని బండిల్ పాడైందనడం, లేదా పనిచేస్తోందనడం, రెండూ తప్పే. ఎనిమిది సిస్టమ్‌ల నుంచి ఒకేసారి పెట్టాలి. ఐపెర్ఫ్3 సర్వర్ ఒక పోర్టు మీద ఒక సమయంలో ఒక్క పరీక్షే తీసుకుంటుంది, కాబట్టి 5201 నుంచి 5208 దాకా ఎనిమిది సర్వర్‌లు నడపాలి. చదివే వైపు కోసం రివర్స్ ఆప్షన్, రాసే వైపు కోసం అది లేకుండా, రెండుసార్లు. పరీక్ష నడుస్తుండగా నాలుగు పోర్టుల లెక్కలూ విడివిడిగా చూడాలి. మొత్తం ఎంత అన్నదానికంటే ఏ పోర్టు మీద ఎంత అన్నదే చూడాల్సింది. వరస నంబర్లు ఇచ్చాక నాలుగు పోర్టులూ 940 దగ్గర నిలబడ్డాయి. దీనికి ముందే సర్వర్‌లో ఎఫ్ఐఓతో (డిస్కు వేగం కొలిచే సాధనం) డిస్కులు సెకనుకు 470 మెగాబైట్లు దాటి ఇస్తున్నాయని తేల్చుకోవాలి, లేకపోతే నెట్‌వర్క్‌ని ఎంత సరిచేసినా ఎడిటర్‌కి తేడా తెలియదు.

తర్వాత నడుస్తుండగానే ఒక కేబుల్ పీకాలి. ఒకటీ అరా పింగ్ పోవచ్చు, ఫైల్ కాపీ ఆగకూడదు. మళ్లీ పెట్టాక ఆ పోర్టు అగ్రిగేటర్ 1లోకి తిరిగొచ్చిందో లేదో చూడాలి. స్టాక్‌లో ఒక స్విచ్‌కి పవర్ తీసి కూడా ఇదే చూడాలి. రెండు స్విచ్‌లు స్టాక్ కాకుండా విడివిడిగా ఉన్నట్టయితే ఇక్కడే దొరికిపోతుంది: ఎల్‌ఏసీపీకి వేర్వేరు సిస్టమ్ ఐడీలు కనిపిస్తాయి, సర్వర్ రెండు అగ్రిగేటర్‌లు కట్టి ఒక్కదాన్నే వాడుతుంది.

ఒక కేబుల్ పోయినప్పుడు భాగించేది మూడుతో. అప్పుడు పైన చెప్పిన జతలు చెదిరి రెండు యూహెచ్‌డీలు కలవచ్చు. కేబుల్ సరిచేసేదాకా ఒక సిస్టమ్‌ని ప్రాక్సీ ఫైళ్ల (తక్కువ సైజు నకళ్ల) మీద నడపమని స్టూడియోకి ముందే చెప్పి ఉంచాలి. పోర్టు పోయిన సంగతి వెంటనే తెలియాలంటే బాండ్0 ఫైల్‌లో అగ్రిగేటర్ 1లో పోర్టుల సంఖ్య నాలుగు కంటే తగ్గితే మెయిల్ వచ్చేలా మానిటరింగ్ పెట్టారు. పింగ్ పెట్టి ఇది పట్టుకోలేం, ఒక కేబుల్ మిగిలినా పింగ్ వస్తూనే ఉంటుంది.

బండిల్‌కి లొంగనిది

డీఐ గది, అంటే రంగులు సరిదిద్దే గది, మిగిలింది. అక్కడ కలరిస్ట్ ప్రోరెస్ 4444 యూహెచ్‌డీ వాడతారు. 24 ఫ్రేములకు సుమారు 1061 మెగాబిట్లు. ఒక స్ట్రీమే ఒక గిగాబిట్ కేబుల్‌ని మించింది. బండిల్‌లో నాలుగున్నా ఎనిమిదున్నా ఒక సంభాషణకి దక్కేది ఒక కేబులే కాబట్టి ఇక్కడ లింక్ అగ్రిగేషన్‌కి పనే లేదు. ఆ గదికి సర్వర్ నుంచి వేరే 10 గిగాబిట్ కార్డు, ఓఎం3 రకం ఫైబర్, రెండు చివరలా దానికి సరిపడే ఎస్‌ఆర్ మాడ్యూళ్లు, వేరే సబ్‌నెట్ (వేరే చిరునామాల వరస). ఓఎం3 మీద 10 గిగాబిట్ 300 మీటర్ల దాకా పోతుంది, అంతస్తులు దాటడం సమస్య కాదు. ఈ 10 గిగాబిట్ పోర్టుని కూడా బాండ్0లోకి చేర్చవద్దు: వేగాలు వేరు కాబట్టి అది వేరే అగ్రిగేటర్ అవుతుంది, రెండిట్లో ఒకటే పనిచేస్తుంది. డీఐ సిస్టమ్‌లో షేర్‌ని పేరుతో కాకుండా ఆ కొత్త సబ్‌నెట్ చిరునామాతో మ్యాప్ చేయాలి. పేరుతో చేస్తే అది పాత 10.20.30.5కే వెళ్లి, కొత్త ఫైబర్ ఖాళీగా ఉండగా మళ్లీ బండిల్ మీదే ఎక్కుతుంది.